"ఇంట్లనే ఉంటుండు గదా!"



మెదక్ జిల్లా శివ్వంపేటలో కొన్నేళ్లుగా ఒక ప్రశ్న తిరుగుతోంది. పొద్దున పది దాటాక, గల్లీలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడితే చాలు, "ఏందక్కా, మీ పిలగాడు ఇంట్లనే ఉంటుండు గదా, నౌకరి పోయిందా?" అని. నెలనెలా మంచి జీతం తెచ్చుకునే కొడుకు గురించి ఆ మాట పడ్డప్పుడు తల్లికి ఏం చెప్పాలో తోచదు. "లేదక్కా, కంప్యూటర్ల చేస్తడు" అంటుంది. అడిగినావిడకు నమ్మకం కుదరదు. నౌకరి అంటే టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే బయల్దేరాలి, మాపటికి సోలిపోయి రావాలి. కాళ్లకల్, మనోహరాబాద్ కంపెనీలకు పోయే పిల్లలు అట్లాగే కదా పోయి వస్తున్నారు!

ఇంట్లో కూర్చుని చేసేది నౌకరి కాదన్న ఈ అనుమానం వేరే జిల్లాలో వస్తే సరేననుకోవచ్చు. మెదక్‌లో రావడమే వింత. ఎందుకంటే పాత మెదక్ జిల్లాకు ఇంటి నుంచి పని ఎప్పట్నుంచో తెలుసు. దుబ్బాక, సిద్దిపేట, రామాయంపేట వైపు, అటు నిజామాబాద్, కరీంనగర్ వైపు పోతే ఇంటింటికీ ఒక బీడీల చాట ఉండేది. తునికాకు నానబెట్టడం, రేకు పెట్టి కత్తెరతో కోయడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. పక్కన రేడియో మోగుతుంటే, ఒడిలో చాట పెట్టుకుని, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే బీడీలు చుట్టే అక్కలు సంసారం మొత్తం నడిపారు. మేనేజరు లేడు, గేటు లేదు, హాజరు పట్టిక లేదు. సాయంత్రానికి కట్టలు తీసుకుపోయి కంపెనీలో ఇస్తే లెక్క.

వినడానికి హాయిగానే ఉంటుంది. దగ్గరకు పోయి చూస్తే వేరు. కంపెనీ ఇచ్చిన ఆకుతో లెక్క తేలకపోతే సొంత డబ్బుతో బయట ఆకు కొని పూడ్చాలి. బాగలేవని పక్కన పారేసిన బీడీలకు కూలి లేదు. ఇల్లు తనది, దీపం తనది, దగ్గు కూడా తనదే. వంట మధ్యలో చుట్టాలి, పిల్లకు జడ వేస్తూ ఆపాలి, రాత్రి అందరూ పడుకున్నాక లెక్క పూర్తి చేయాలి. ఆ పనికి పొద్దుగూకడం అనేది లేదు. ఇంట్లో పని చేయించుకునేవాళ్లకు ఒక లాభం ఎప్పుడూ ఉంటుంది. పనిచేసే మనిషి ఎంతసేపు చేసిందో వాళ్లు చూడనక్కర్లేదు.

అందుకే 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికులకు ప్రత్యేకంగా చట్టం చేసింది. కార్ఖానా గడప ఎప్పుడూ తొక్కకపోయినా సరే, ముడిసరుకు తీసుకుని ఇంట్లో బీడీలు చుట్టే మనిషి కూడా ఉద్యోగే అని అందులో రాసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. గుర్తింపు కార్డు వచ్చింది, పుస్తకం వచ్చింది, పీఎఫ్ వచ్చింది. బీడీలు పారేయడం మీద తగువు వస్తే ఎవరి దగ్గర చెప్పుకోవాలో కూడా ఆ చట్టంలో ఉండేది. అన్నిచోట్లా అమలైందని నేననను. కానీ తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ప్రభుత్వం నెలనెలా జీవనభృతి ఇచ్చినప్పుడు, పీఎఫ్ నంబరు ఉన్న అక్కకు దక్కింది, లేని అక్క చూస్తూ ఉండిపోయింది. ఒక కాగితం ఎంత పని చేస్తుందో అప్పుడు ఊళ్లకు తెలిసింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతికి వద్దాం.

శివ్వంపేటకు ఒకవైపు తూప్రాన్, ఇంకోవైపు నర్సాపూర్. హైదరాబాద్ 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. రోజూ పోయి రావడానికి అది ఎక్కువ దూరం, ఊరిని వదిలేసుకోవడానికి తక్కువ దూరం. మాదాపూర్‌లో ఉద్యోగం దొరికిన పిల్లలు అక్కడే హాస్టల్‌లో చేరి, శనివారం రాత్రి బస్సుకు ఊరొచ్చి, సోమవారం చీకటితోనే తిరుగు బస్సు పట్టేవాళ్లు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. కంపెనీలు కంప్యూటర్లను మూటగట్టి ఉద్యోగుల చేతికిచ్చి ఇళ్లకు పంపాయి. అంతకుముందు కాల్ సెంటర్ల లాంటి సంస్థలు ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ దగ్గర నమోదులు, బ్యాంకు గ్యారంటీలు, నానా తంటాలు ఉండేవి. 2020 నవంబర్ 5న కేంద్రం ఆ నమోదునే ఎత్తేసింది. ఎన్నేళ్లుగానో కుదరదన్నది ఎనిమిది నెలల్లో కుదిరింది.

లెక్కలు చూడండి. 2019-20లో తెలంగాణ ఐటీ ఎగుమతులు దాదాపు లక్షా 28 వేల కోట్లు. హైటెక్ సిటీ భవనాలు తాళాలేసుకుని ఉన్న 2020-21లో అవి లక్షా 45 వేల కోట్లు దాటాయి. ఉద్యోగాలు కూడా 5 లక్షల 82 వేల నుంచి 6 లక్షల 28 వేలకు పెరిగాయి. పని ఆగలేదు. ఆ పనిలో కొంత మన ఊళ్లలో జరిగింది, వరి పొలాల పక్కన, మర్రిచెట్టు కింద సిగ్నల్ వెతుక్కుంటూ. అంతకుముందే మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే ఫైబర్ తీగ వేసే ప్రయత్నం కూడా రాష్ట్రంలో మొదలైంది. నీళ్ల కోసం తవ్విన చోట ఇంటర్‌నెట్ వేయడం నాకు చాలా ముచ్చటగా అనిపించిన ఆలోచన. కొన్నిచోట్ల అందింది, కొన్నిచోట్ల ఇంకా ఫోను హాట్‌స్పాటే దిక్కు.

శివ్వంపేటలో నేను చూసిన ఒక గది గురించి చెబుతాను. ఒక గోడకు వడ్ల బస్తాలు. ఎదురు గోడకు పాత కుట్టుమిషన్, తల లోపలికి దించేసి పైన చెక్క పరిచారు. దానిమీద ల్యాప్‌టాప్. కుర్చీ వెనక ఒక తెల్ల దుప్పటి కట్టారు, వీడియోలో బస్తాలు కనబడకుండా. కిటికీ అవతలే బర్రె. ఆ అమ్మాయి మాట్లాడనప్పుడల్లా వేలు మ్యూట్ బటన్ మీదే ఉంటుంది, ఎందుకంటే బర్రె మీటింగులు చూసుకుని అరవదు. ఆమె పని అమెరికాలో ఒక బీమా కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం. పాలసీదారు పుట్టిన తేదీ తప్పు కొడితే తెర ఏం చెబుతుంది, ఫిబ్రవరి 29 కొడితే ఏం చెబుతుంది, అలాంటివి రోజుకు ఎన్నో. ఆమెతో పాటు మీటింగులో కూర్చున్న న్యూజెర్సీ మనిషికి ఈ గది సంగతి తెలియదు.

ఆ ఇంట్లో రాత్రి భోజనం వేళ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. కారణం అమెరికా. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 12 గంటలకు పెట్టిన మీటింగు మనకు ఎండాకాలం రాత్రి 9.30కి, చలికాలం 10.30కి. చలికాలం వస్తే వాళ్ల అమ్మ పొయ్యి మీద కూర మళ్లీ వెచ్చబెడుతుంది. "గా అమెరికోళ్లకు పొద్దు ఎప్పుడు పొడుస్తదో మాకు పొయ్యి చూస్తే ఎర్కైతది" అన్నది ఆమె. నవ్వుతూనే అన్నది.

ఊరు దక్కిందన్నది నిజం. హాస్టల్ కిరాయి మిగిలింది. తండ్రికి షుగర్ ఎక్కువైన రాత్రి కొడుకు ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే పొలం దాకా పోయి మడిలో నీళ్లు చూసి వచ్చి తొమ్మిదికి లాగిన్ అయిన పిల్లలు నాకు తెలుసు. బిడ్డ మొదటి అడుగు వేయడం వీడియో కాల్‌లో గాకుండా కళ్లారా చూసిన తండ్రులున్నారు. వీటికి జీతం స్లిప్పులో గడి లేదు కానీ విలువ లేదని ఎవరంటారు?

అయితే ఉద్యోగం మాటేమిటి? ఇక్కడ మనం ఎక్కువ సేపు ఆగాలి.

కరోనాకు చాలా ముందే, 2010 చివర్లో, చైనాలోని షాంఘైలో సీట్రిప్ అనే పెద్ద ప్రయాణాల కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు దాన్ని నడిపారు. ఇంటి నుంచి పని చేస్తామన్న కాల్ సెంటర్ ఉద్యోగుల్లో పుట్టినతేదీ సరి సంఖ్య అయినవాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటికి పంపారు, బేసి సంఖ్య వాళ్లను ఆఫీసులోనే ఉంచారు. తొమ్మిది నెలలు గడిచాక చూస్తే ఇంటి దగ్గరివాళ్ల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం వదిలి పోయేవాళ్లు సగానికి తగ్గారు. కంపెనీకి పండగే. కానీ ఇంకో లెక్క కూడా తేలింది. ఒకే స్థాయిలో పని చేసి చూపించినా ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్ దొరికే అవకాశం బాగా తగ్గింది. పని పెరిగింది, మనిషి మాత్రం పైవాళ్ల కళ్లకు ఆనలేదు. పరీక్ష అయ్యాక మీకు ఏది కావాలని అడిగితే, ఇంట్లో ఉన్నవాళ్లలో సగం మంది మళ్లీ ఆఫీసే మేలన్నారు. ఒంటరిగా ఉంటున్నామన్నారు.

అదే బ్లూమ్ తరువాత అదే కంపెనీలో 1,612 మంది మీద ఇంకో పరీక్ష చేశారు. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. 2024లో ఫలితం అచ్చయింది. ఉద్యోగం వదిలేవాళ్లు మూడో వంతు తగ్గారు, ప్రమోషన్లలో తేడా కనబడలేదు. అంటే మనిషి వారంలో చాలా రోజులు కనుమరుగైతేనే నష్టం, రెండు రోజులు కనబడకపోతే ఏమీ కాదు.

కనబడటం అంటే మేనేజరు చుట్టూ తిరగడం అని నా ఉద్దేశం కాదు. కొత్తగా చేరిన పిల్లాడు పని నేర్చుకునేది పక్క కుర్చీ చూసి. సీనియరు ఒక పొరపాటు ఎట్లా వెతికాడో, కోపంగా ఉన్న క్లయింటుతో ఏ గొంతుతో మాట్లాడాడో, ఇవి శిక్షణ వీడియోల్లో దొరకవు. టీ తాగుతూ దొరుకుతాయి. ఇంట్లో ఉన్న పిల్లాడికి చిన్న సందేహం వస్తే మెసేజ్ పెట్టాలా వద్దా, పెడితే ఇంత కూడా తెలియదా అనుకుంటారా అని అరగంట ఆలోచిస్తాడు. అట్లా అడగని సందేహాలు పోగుపడి రెండేళ్ల అనుభవం ఆరు నెలల అనుభవంలా మిగులుతుంది. అందుకే ఊరి పిల్లలు నన్ను అడిగితే నేను చెప్పే మాట ఒకటే. మొదటి రెండు మూడేళ్లు ఆఫీసుకు పోండి. హాస్టల్ సాంబారు భరించండి. పని చేతికి వచ్చాక ఊరికి రండి, అప్పుడు మీ మాట చెల్లుతుంది. పెద్దలకు ఇది నచ్చదు, పిల్లలకు అసలే నచ్చదు.

కంపెనీలు కూడా ఈ మధ్యలో చాలా మాటలు మార్చాయి. 2025 నాటికి నాలుగో వంతు ఉద్యోగులు ఆఫీసులో ఉంటే చాలని 2020లో టీసీఎస్ ప్రకటించింది. మూడేళ్లు తిరిగేసరికి అందరూ వారానికి అయిదు రోజులూ రావాలంది. ఆ మొదటి మాట నమ్మి ఊళ్లో ఇల్లు బాగుచేసుకున్నవాళ్లు, పిల్లల్ని తూప్రాన్ బడిలో వేసినవాళ్లు మళ్లీ కూకట్‌పల్లిలో కిరాయి ఇళ్లు వెతుక్కున్నారు. కంపెనీ విధానం అంటే చట్టం కాదు, ఒక ఈమెయిల్‌తో వస్తుంది, ఇంకో ఈమెయిల్‌తో పోతుంది.

పెళ్లిళ్ల మాట కూడా ఒకటుంది. ఊళ్లో ఉండి లక్ష తెచ్చుకునే పిల్లగాడి కంటే హైదరాబాద్‌లో ఉండి నలభై వేలు తెచ్చుకునే పిల్లగాడికి సంబంధాలు తొందరగా వస్తున్నాయి. సంబంధాలు చూసే రోజుల్లో మాత్రం నగరంలో ఉంటున్నట్టు చెప్పుకున్నవాళ్ల సంగతి విన్నాను. ఈలోగా నగరంవాళ్లు నర్సాపూర్, తూప్రాన్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందని మన దగ్గర భూములు కొని ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్నారు, శని, ఆదివారాలు ఇక్కడ గాలి పీల్చుకోవడానికి.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచిన 2017 సవరణలోనే, ఆ సెలవు అయ్యాక పని తీరు ఒప్పుకుంటే, యజమాని సరేనంటే, ఇంటి నుంచి చేయవచ్చని ఒక ఉపనిబంధన చేర్చారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా మహిళల కోసం పెద్దఎత్తున ఇంటి నుంచి పని తెస్తామన్నారు. మంచిదే. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసిన ఎంతోమంది చదువుకున్న కోడళ్లు దీనివల్ల మళ్లీ లాగిన్ అయ్యారు. కానీ ఇంట్లో ఏం జరుగుతుంది? తలుపు వేసుకుంటే పొగరంటారు. తలుపు తీసి ఉంటే, "ఇంట్లనే ఉన్నవ్ గదా, జర గా పప్పు చూడు" అంటారు. కొరియర్ వస్తే ఆమె లేవాలి, గ్యాస్ బండ వస్తే ఆమె లేవాలి. అదే గదిలో కొడుకు మీటింగులో ఉంటే మాత్రం ఇల్లంతా గుసగుసగా మాట్లాడుతుంది. బీడీల చాట ముందు కూర్చున్న ఆ అక్కకు కూడా ఎవరూ పొయ్యి పని మాఫీ చేయలేదు.

ఇంకో తేడా గమనించండి. బీడీ కంపెనీ కట్టలు లెక్కపెట్టింది, కూర్చున్న గంటలు అడగలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండూ అడుగుతుంది. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూ ఉండాలి. మౌస్ కదలకపోతే చుక్క రంగు మారుతుంది. మూత్రానికి లేచినప్పుడు కూడా మౌస్‌ను కదిలిస్తూ ఉండే చిన్న యంత్రాలు ఆన్‌లైన్‌లో కొంటున్నారంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఉద్యోగుల వైపు కూడా తప్పు లేకపోలేదు. 2022లో ఒకే సమయంలో పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. అపనమ్మకం రెండు వైపులా పెరిగింది.

కుర్చీ ఎవరు కొనాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, రాత్రి పదకొండుకు వచ్చిన మెసేజ్‌కు జవాబు ఇవ్వకపోతే ఏమవుతుంది? పోర్చుగల్ 2021లోనే పని వేళలు దాటాక యజమాని ఉద్యోగిని కదిలించకూడదని చట్టం చేసింది. ఇంట్లో పెరిగిన ఖర్చు కూడా కంపెనీయే ఇవ్వాలంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి వేళ దాటాక ఫోను ఎత్తకపోవడం చాలావరకు ఉద్యోగి హక్కయింది. మన దగ్గర ఈ ప్రశ్నలకు నేరుగా జవాబు చెప్పే చట్టం లేదు. 1966 నాటి బీడీ చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. ఇంటి నుంచి పని చేసే మనిషికి ఏం దక్కాలో ఒకప్పుడు బీడీ అక్కల కోసం ఆలోచించిన దేశం, ఇంగ్లీషు చదువులు చదివినవాళ్ల కోసం ఇంకా ఆలోచించలేదు. వాళ్లలో చాలామంది అడగనూ లేదు. బీడీ అక్కలకు సంఘం ఉంది, జెండా ఉంది. వీళ్లకు వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో మేనేజరు కూడా ఉన్నాడు.

ఇది వింటున్నవాళ్లలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటారు. మీకు ఒక మాట. "ఇంటి నుంచే పని, రోజుకు రెండు మూడు వేలు" అని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో వచ్చేవాటిని నమ్మకండి. మొదట హోటళ్లకు రేటింగ్ ఇమ్మంటారు, నూటయాభై రూపాయలు నిజంగానే వేస్తారు. తరువాత పెద్ద టాస్క్ అంటారు, అయిదు వేలు కట్టమంటారు, తెర మీద మీ పేరున పదివేలు చూపిస్తారు. తీసుకోబోతే ఇంకో ఇరవై వేలు కడితేనే వస్తుందంటారు. నిజమైన ఉద్యోగం జీతం ఇస్తుంది, మీ దగ్గర డబ్బు అడగదు. పొరపాటున కట్టేస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరగా నా మనసులో ఉన్న ఒక ఆలోచన. కరీంనగర్, ఖమ్మం, సిద్దిపేట, నిజామాబాద్‌లలో ఐటీ టవర్లు కట్టారు. బాగుంది, కానీ శివ్వంపేటకు టవర్ రాదు, అవసరమూ లేదు. కావాల్సింది తలుపు ఉన్న ఒక గది. రాష్ట్రంలో 2020 నుంచి రైతుల సమావేశాల కోసం 2,600కు పైగా రైతు వేదికలు కట్టారు. 2024 మార్చి నుంచి కొన్ని వేదికల్లో వీడియో కాన్ఫరెన్సు పెట్టి శాస్త్రవేత్తలతో రైతుల్ని మాట్లాడిస్తున్నారు. అంటే అక్కడ తెర ఉంది, ఇంటర్‌నెట్ ఉంది. రైతుల సమావేశాలు లేని రోజుల్లో ఆ హాలు చాలాసార్లు తాళంతోనే ఉంటుంది. మండలానికి ఒక వేదికలో పది కుర్చీలు, ఒక ఇన్వర్టరు, మంచి లైను, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి పదకొండు దాకా ఒక కాపలా మనిషి పెడితే చాలు. నెలకు వెయ్యి రూపాయలు కట్టమంటే పిల్లలు సంతోషంగా కడతారు, వాళ్ల కంపెనీలే కట్టినా ఆశ్చర్యం లేదు. అక్కడ పదిమంది కలిస్తే ఒకరి సందేహం ఇంకొకరు తీర్చుతారు. కోడలు ఇంట్లోంచి బయల్దేరి పోతుంది కాబట్టి పప్పు ఎవరో ఒకరు చూసుకుంటారు.

రైతుల కోసం కట్టిన చోట సాఫ్ట్‌వేర్ వాళ్లకేం పని అని గ్రామసభలో ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. పంటల సమావేశం రోజు హాలు రైతులదే అని ముందే రాసుకోవాలి, వచ్చిన కిరాయి వేదిక కరెంటు బిల్లుకే పోవాలని రాసుకోవాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా రాసుకోవాలి. మన దగ్గర చాలా మంచి పనులు ఆ తాళంచెవి దగ్గరే ఆగిపోయాయి.